నీలం వల ముక్క

అర్జునరావు ఏ సరుకునైనా ముందు ముక్కుతో కొంటాడు, తర్వాతే కళ్ళతో. పాత సోఫా సీటు గోదాము గుమ్మం దాటకముందే అది వాననీళ్ళు తాగిందో, ఎలకలు కాపురం చేశాయో, తూకం పెరగడానికి ఎవడైనా తడిపి తెచ్చాడో చెప్పేస్తాడు. వన్ టౌన్‌లో పాత సామాను కొనేవాళ్ళలో ఆయన ముక్కుకు పేరుంది. అలాంటి మనిషి, కూతురి కాన్పు పరుపు కోసం ఫోమును ఫోనులో బొమ్మ చూసి కొన్నాడు.

దానికి ఆయన లెక్క ఆయనకుంది. హిమబిందు కూర్మన్నపాలెం నుంచి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నిలబడితే నడుం నొప్పి, కూర్చుంటే కాళ్ళ వాపు. మెత్తటి దూది పరుపు వద్దు, కాస్త గట్టిది వేయమని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఉన్న మంచమేమో మామూలు మంచం కాదు. ఓడలు విరగ్గొట్టిన సామాను వేలం వేస్తే అర్జునరావు పాడుకుని తెచ్చుకున్న టేకు మంచం. అలలకు ఓడ ఊగినా మనిషి దొర్లిపోకుండా చుట్టూ జానెడు ఎత్తు చెక్క. పసిగుంట పడిపోదని భార్య భ్రమరాంబ ఆ మంచమే కావాలంది. బజార్లో దొరికే ఏ పరుపూ అందులో ఇమడదు. ఫోము కొలతకు కోయించుకోవాలి, తొడుగు ఇంట్లో కుట్టుకోవాలి.

ఊళ్ళో ఫోము కొట్లు లేక కాదు. అందరూ తెలిసినవాళ్ళే, అదే చిక్కు. ఎవడు పాతదానికి కొత్త తొడుగు వేస్తాడో, ఎవడు పైన ఒకటి కింద ఒకటి అతికిస్తాడో ఆయనకు తెలుసు. తెలిసినవాడి సరుకు మీద పడుకుంటే నిద్ర పట్టదు. ఫోనులో కంపెనీవాడు ఎక్కడో ఉత్తరాదివాడు. ముఖం తెలియదు కాబట్టి మోసమూ తెలియదు. తెల్లటి ఫోము మీద తెల్లటి చొక్కా వేసుకున్న పసిపాప బోర్లాపడి నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. అచ్చంగా కొత్త ఫోమనీ, ఏ కలుపూ లేదనీ రాశాడు. కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాసిన మాటలన్నీ అర్జునరావు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. అన్నీ ఒకరే రాసినట్టు ఉన్నాయని అనిపించింది. అయినా కొలతలు కొట్టాడు.

సరుకు వచ్చిన రోజు దాన్ని మేడ మీదికి మోయించాడు. చాపలా చుట్టి, బలవంతంగా ప్లాస్టిక్ సంచిలో కుక్కి పంపారు. భ్రమరాంబ కత్తెరతో సంచి కోసింది. ఫోము బద్ధకంగా విచ్చుకుంది. ఘాటుగా, పెట్రోలూ జిగురూ కలిసిన వాసన మొహానికి కొట్టింది.

"కొత్త వాసన. ఎండ తగిల్తే ఎలిపోద్ది," అంది భ్రమరాంబ. కొలిచి చూసింది. వేలెడు కూడా తేడా లేదు. ఆవిడ ముఖం విచ్చుకుంది.

మేడ మీదకు పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. గాలి అటునుంచి కొడితే బొగ్గు నుసి వచ్చి తులసాకు మీద కూడా కూర్చుంటుంది. అందుకని ఆవిడ ఫోము మీద పాత చీర కప్పి, నాలుగు మూలలా ఇటికరాళ్ళు పెట్టింది. పిట్టగోడ పొడుగునా ఆనపపాదు పాకించి ఉంది. దానికి ఊతంగా గోదాము నుంచి తెచ్చిన నీలం వల ముక్కలు కట్టింది. ఆ పాదు నీడ ఫోము మీద పడకుండా తీగలు పక్కకు లాగింది కూడా.

హిమబిందు గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి వచ్చింది. కప్పిన చీర అంచు ఎత్తి వంగబోయి, వంగకుండానే వెనక్కి తగ్గింది.

"నాన్నా, ఇది నీసు కంపు కొడతంది."

హార్బరు గాలమ్మా అన్నాడు అర్జునరావు. తనే వంగి, ఫోముకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. జిగురు తగిలింది. నీసు తగల్లేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు మంచినీళ్ళు కూడా కంపే అని భ్రమరాంబ నవ్వింది. ఆ పూట ఆ మాట అక్కడితో తెగిపోయింది.

*

గోదాము పోర్టు వైపు పోయే సందులో ఉంది. పాత సోఫా సీట్లు, బస్సు సీట్లు, చిరిగిన పరుపుల్లోని ఫోము, దర్జీ కొట్ల పీలికలు, అన్నీ అక్కడికి చేరతాయి. పనివాడు రాము వాటి తొడుగులు ఒలుస్తాడు, మేకులు పీకుతాడు, ఫోమును ఇనప చట్రంలో కుక్కుతాడు. పైన చక్రం తిప్పితే పలక దిగి, మనిషెత్తు కుప్ప మోకాలెత్తు కట్ట అవుతుంది, దాన్నే బేలంటారు. దాన్ని కట్టాలి. తాడు పెట్టి కట్టడం అందరికీ వచ్చు. అర్జునరావు పాత వలతో కడతాడు. చింపి, మెలితిప్పి, జాలర్లు వేసే ముడి వేస్తే ఏనుగు లాగినా ఊడదు. తాడు ఉత్తినే రాదు, వల ఉత్తినే వస్తుంది. ఈ కిటుకు ఊళ్ళో ఇంకెవరికీ తట్టలేదని ఆయనకు గర్వం.

ఆ వలలు తెచ్చేది పోలిరాజు. జాలరిపేటవాడు. పడవ అమ్మేశాక మూడు చక్రాల బండి తొక్కుతున్నాడు. వాళ్ళమ్మ గంగాలమ్మ వల ఎక్కడ తెగినా ఎర్ర దారంతో అల్లేది. ఒడ్డున పది వలలు కలిసిపోయినా తమది తెలియాలని. ఇప్పుడు ఆ ఇంటి వలలన్నీ పాతబడి, ఎర్ర అతుకులతో సహా, బండెక్కి గోదాముకు వస్తాయి. ఒక్కోదానికి చేప పొలుసులు కూడా ఎండి అంటుకునే ఉంటాయి.

ఆ రోజు పోలిరాజు వలల కింద రెండు పరుపులు కూడా తెచ్చాడు. అవి ఎక్కడివో అడగక్కర్లేదు. మనిషి పోయిన పరుపు ఇంట్లో ఉంచుకోరు. శ్మశానం గోడవారన పడేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. వెనక్కి చూడరు కాబట్టి దాన్ని ఎవరు తీసుకెళ్ళారో వాళ్ళకు తెలియదు. పోలిరాజు తీసుకెళ్తాడు.

"మంచి సరుకు బావ. పోయినాయన దీని మీద నెల్లాళ్ళు కూడా పడుకోలేదంట."

అర్జునరావు బొటనవేలితో నొక్కాడు. గుంట వెంటనే పూడింది. అంచున పసుపు మరక ఉంది. ఆ వైపు కిందికి తిప్పి కాటా మీద పెట్టించాడు.

"మైల మనిసికి గానీ సరుక్కేటి?" అన్నాడు.

"అయితే ఓటి ఇంటికి అట్టుకెళ్ళు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికి కొత్తది వచ్చిందని, ఫోనులో కొన్నానని అర్జునరావు కాస్త గొప్పగా చెప్పాడు. పోలిరాజు బండి మీదినుంచి వల దింపుతూ ఆగాడు.

"మొప్ప ఎత్తి సూడకుండా సేపని కొంటారేటి బావ?"

అదే పూట సరుకు కొనే పెద్ద వ్యాపారి గుమాస్తా ఫోను చేశాడు. శనివారం లారీ వస్తుందన్నాడు. ఆ వల కట్లు మానేయమని మళ్ళీ మొరపెట్టుకున్నాడు. సరుకు చేరే మిల్లులో కట్లు విప్పే తీరిక లేదట. బేలు బేలుగా యంత్రంలో పడేస్తుంటే ముడులు కత్తులకు చుట్టుకుంటున్నాయట. అర్జునరావు సరేనన్నాడు, ఫోను పెట్టేసి రాముకు మామూలు పని మామూలుగా కానివ్వమని సైగ చేశాడు. ఆ మిల్లులో ముక్కలన్నీ నలిగి, జిగురు తాగి, ఆవిరిలో ఉడికి మళ్ళీ దిమ్మలవుతాయని ఆయనకు తెలుసు. ఆ దిమ్మలు ఎవరింటికి పోతాయో అడగలేదు. అడగని ప్రశ్నకు ఖర్చు ఉండదు.

చీకటి పడే వేళ ఇంటికి వచ్చేసరికి గుమ్మం పక్కన రాగిచెంబుతో నీళ్ళున్నాయి. గోడవారన దొరికిన సరుకు గోదాముకు వచ్చిందని భ్రమరాంబకు ఎలా తెలుస్తుందో ఆయనకు అర్థం కాదు. తెలిసిన రోజు చెంబు పెడుతుంది, అంతే. ఏమీ అనదు. ఆయన కాళ్ళు కడుక్కుని, నెత్తిన నీళ్ళు చల్లుకుని లోపలికి వెళ్తాడు. ఆ వ్యాపారం గురించి ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఉన్న ఒప్పందం ఆ చెంబే.

*

తొడుగు కుట్టడానికి భ్రమరాంబ ఒళ్ళు దాచుకోలేదు. చారల గుడ్డ ఉతికి, గంజి లేకుండా ఆరేసి, చివర జిప్పు పెట్టి, మూలలు గుండ్రంగా తిప్పి కుట్టింది. బిడ్డ చర్మానికి గరుకు తగలకూడదని కుట్లన్నీ లోపలి వైపుకు మడిచింది. ఓడ మంచంలో పరుపు దించితే అచ్చు పోసినట్టు కూర్చుంది. ఆవిడ అరచేత్తో దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాసింది.

హిమబిందు మధ్యాహ్నం భోజనం చేసి దాని మీద పడుకుంది. అర్జునరావు అవతలి గదిలో కునుకు తీస్తున్నాడు. డోకుతున్న చప్పుడు వినిపించి లేచి వచ్చేసరికి కూతురు మంచం అంచు చెక్క పట్టుకుని కక్కుకుంటోంది. తిన్నదంతా పోయాక కూడా ఆగలేదు. పచ్చటి నీళ్ళు. కళ్ళలోంచి ధారలు. భ్రమరాంబ వీపు రాస్తూ, పక్కింటివాళ్ళు చేపలు కడిగిన నీళ్ళు సందులో పోశారని తిట్టింది. నేలంతా ఫినాయిలు పోసి కడిగింది.

హిమబిందు గచ్చు మీద చాప వేసుకుని గోడకు తిరిగి పడుకుంది.

"పక్కింటోళ్ళు కాదమ్మా. పరుపే. ఒంటి వేడి తగిలితే లేస్తంది కంపు. కుళ్ళిపోయినట్టు. ఏదో సచ్చినట్టు."

చాప మీద పడుకుంటే నడుం ఏమవుతుందని తల్లి పోట్లాడింది. ఆ పిల్ల కదల్లేదు. రేపు ఒడిలో బిడ్డను పెట్టుకుని కూడా ఆ మంచం ఎక్కనని గోడతో చెప్పింది. అర్జునరావు గుమ్మంలో నిలబడి, కూతురి చీలమండలు చూశాడు. వేలితో నొక్కితే గుంట పూడనంత వాచి ఉన్నాయి.

ఆయనకు కోపం వచ్చింది. కంపెనీవాడికి రాశాడు. కొలతకు కోసిన సరుకు, సంచి విప్పిన సరుకు వెనక్కి తీసుకోబోమని జవాబు వచ్చింది. కింద నవ్వుతున్న పసిపాప బొమ్మ. ఆయన ఇంకా గట్టిగా రాశాడు. ఫోములో వేరే పదార్థం ఏదైనా ఉన్నట్టు ఫోటో పంపితే పరిశీలిస్తామని రెండో జవాబు. అదీ లెక్క. ఇలాంటి బేరాలు ఆయన పుట్టినప్పటినుంచీ చేస్తున్నాడు. రుజువు కావాలా, ఇస్తాడు.

పరుపును మేడ మీదికి లాక్కెళ్ళి, జిప్పు తీసి, తొడుగు చిరగకుండా ఒలిచాడు. గోదాము కత్తితో ఫోము పక్కన నిలువునా ఒక కోత పెట్టాడు. పైన రెండు వేళ్ళ మందం తెల్లటి ఫోము. దాని కింద రంగురంగుల ముక్కలు. పచ్చవి, గులాబీవి, మసిబారిన బూడిదవి, జిగురుతో అతుక్కుని గడ్డకట్టి, పాసిపోయిన పులిహోరలా ఉన్నాయి. రెక్సిను పీలికలు. ఒక వెంట్రుకల ఉండ. అర్జునరావుకు అసహ్యంతో పాటు ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. దొంగ దొరికాడు. ఫోను తీసి దగ్గరగా ఒక ఫోటో కొట్టాడు, ఇంకో వైపునుంచి ఇంకోటి. తక్కువపడకూడదని కత్తిమొనతో లోపలికి కెలికాడు.

కత్తికి ఏదో తట్టుకుంది. లాగితే రాలేదు. వేలు పెట్టి తవ్వాడు. బొటనవేలంత నీలం నైలాను. మెలితిప్పి ఉంది. మధ్యలో ముడి. జాలర్లు వేసే ముడి. ముడి పక్కన ఎర్ర దారంతో అల్లిన అతుకు.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఎర్ర అతుకును గోటితో గీకి చూశాడు. మళ్ళీ కెలికాడు. ఇంకో ముక్క. దానికి జిగురులో ఇరుక్కుని చేప పొలుసు, అభ్రకంలా మెరుస్తోంది. దాని పక్కన ఫోము ముక్క ఒకటి పసుపుగా ఉంది. అది పసుపో, జిగురో తేల్చుకోవాలని ఆయనకు అనిపించలేదు.

అప్పుడు ముక్కు పనిచేసింది. ఇన్నేళ్ళూ రోజంతా దానిలోనే తిరగడం వల్ల తగలని వాసన, చెయ్యి ముఖానికి తెచ్చుకోగానే నిండుగా తగిలింది. నీసు. దాని కింద జబ్బు గది వాసన, చెమట, ఉచ్చ, మందు. కూతురు చెప్పినట్టే. ఏదో చచ్చినట్టు. పిట్టగోడ మీదకు వంగాడు. నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి, ఉమ్ముతూనే ఉన్నాడు.

ఫోను మోగింది. కంపెనీవాడి మూడో జవాబు: ఫోటో పంపండి, సొమ్ము వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేస్తాం. అర్జునరావు తీసిన ఫోటోలు చూసుకున్నాడు. రెండోదానిలో, ముక్కల మధ్య, తను అప్పుడు గమనించని నీలం మెరుపు. మొదటిది పంపవచ్చు. అందులో నీలం ఏమీ కనిపించదు. వేలు దాని మీద పెట్టాడు, తీశాడు. ఇది ఎవరి సరుకని వాళ్ళు మిల్లును అడిగితే, మిల్లువాడు ఒక్క ముడి చూసి ఎవరి పేరు చెబుతాడో ఆయనకు తెలుసు. వల కట్లు కట్టేవాడు ఒక్కడే. రెండు ఫోటోలూ చెరిపేశాడు.

వెనక అడుగుల చప్పుడు. భ్రమరాంబ తొడుగు కోసం వచ్చింది. కోసిన ఫోము చూసింది, ఆయన అరచెయ్యి చూసింది. ఆయన పిడికిలి మూయబోయాడు, ఆలస్యమైంది. ఆవిడ తల తిప్పి పిట్టగోడ వైపు చూసింది. ఆనపపాదు కింద వల. అదే నీలం, అక్కడక్కడా అదే ఎర్ర అతుకు. ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది. వంగి తొడుగు తీసుకుని, ముఖానికి దూరంగా పట్టుకుంది.

"నా కూతుర్ని ఎవుల సావు మీద పడుకోబెట్టేరండి?"

గొంతు పెంచలేదు. ఆయన ఉత్తరాది దొంగల గురించి, ఫోను కొనుగోళ్ళ గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆవిడ మెట్లు దిగుతూ, ఈ సంగతి పిల్లకు తెలియకూడదని మాత్రం అంది.

*

తెల్లారేసరికి భ్రమరాంబ తొడుగును మూడుసార్లు ఉడకబెట్టి ఉతికింది. దాన్ని వాడడానికి కాదు. ఉతికి, ఆరేసి, మడిచి, అరుగు మీద పెట్టింది. ఎవరూ లోపలికి తేలేదు. గట్టిగా కూరిన కొబ్బరిపీచు పరుపు ఎక్కడ కుడతారో కనుక్కుని, ఎదురుగా నిలబడి కూరించుకోడానికి తనే ఆటో ఎక్కి వెళ్ళింది. ఓడ మంచం పొడుగూ వెడల్పూ ఒక పురికొసకు ముడులు వేసి పట్టుకెళ్ళింది. ఆయన్ను రమ్మనలేదు.

ఫోము ఏం చెయ్యాలన్నది అర్జునరావుకు మిగిలింది. రాత్రంతా అదే లెక్క వేశాడు. సందు చివర పడేస్తే పోలిరాజు బండి ఎత్తుకుంటుంది. శ్మశానం గోడవారన పడేసినా అంతే. తగలబెడితే నల్లటి పొగకు వీధంతా లేస్తుంది. సముద్రంలో పడేస్తే మునగదు, తేలుకుంటూ జాలరిపేట ఒడ్డుకే వస్తుంది, అక్కడినుంచి మళ్ళీ గోదాముకు. ఊళ్ళో ఏ మూల పడేసినా చివరకు వచ్చేది తన దగ్గరికే. ఇంత కాలం ఈ ఏర్పాటు మీదే బతికాడు.

ఆ లెక్క ముగిసేలోపలే ఎవరో ముగించేశారు. గోదాముకు వెళ్ళేసరికి ఫోము కాటా పక్కన చుట్టి నిలబెట్టి ఉంది. అమ్మగారు పొద్దున్నే ఆటోలో పంపించేశారని రాము చెప్పాడు. ఏమందిరా అని అర్జునరావు అడిగాడు.

"ఆయన సరుకు ఆయనికి ఇచ్చీమన్నారండి."

లారీ వచ్చి సందు మొదట్లో ఆగి ఉంది. బేళ్ళు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, ఒక్కోదాని నడుం చుట్టూ నీలం వల, మధ్యలో ముడి. డ్రైవరు బీడీ తాగుతూ బేగి ఎక్కించమంటున్నాడు. పోలిరాజు ఖాళీ బండి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

అర్జునరావు ఒక బేలు దగ్గర నిలబడి ముడిని వేళ్ళతో తడిమాడు. గోదాములో ఆయన మాట కోసం అందరూ ఆగారు. ఆ బేళ్ళలో ఏమున్నాయో ఆ గోదాములో ఉన్న ముగ్గురికీ తెలుసు. విప్పి ఏరవచ్చు. గోడవారన దొరికినవి ఒక పక్కన పెట్టవచ్చు. అలా పక్కన పెడితే లారీ సగం ఖాళీగా పోతుంది. ఖాళీగా పోయిన లారీ వచ్చే నెల ఇంకొకరి గోదాము ముందు ఆగుతుంది. లెక్క ఎటునుంచి వేసినా ఒక్కచోటికే వచ్చింది.

"రామూ, ఈ వల కట్లన్నీ కోసీ. బజారుకెళ్ళి కొత్త తాడు తే. తెల్ల తాడు. అందరూ కట్టీదే."

రాము నోరు తెరిచాడు. పోలిరాజు బండి దిగాడు.

"వలకేటైంది బావ?"

"నీసు కంపు."

"ఇన్నాళ్ళకా తెలిసింది?" పోలిరాజు నవ్వాడు. అర్జునరావు నవ్వలేదు. వలలు ఇక తేవద్దన్నాడు. పరుపుల సంగతేమిటని పోలిరాజు అడిగాడు. అర్జునరావు కాటా వైపు చూసి, అవి మామూలే అన్నాడు.

తెల్ల తాడు వచ్చింది. రాము ఒక్కో ముడీ కోస్తుంటే నీలం వలలు బేళ్ళ మీదినుంచి జారి కుప్పగా పడ్డాయి. ఎండిన పొలుసులు గచ్చు మీద రాలాయి. ఆఖరి బేలులో ఇంకా చోటుంది. ఇదేం చెయ్యమంటారని రాము ఫోము చుట్టను కాలితో చూపించాడు. అర్జునరావు తనే దాన్ని ఎత్తి చట్రంలో వేశాడు. పైకి తెల్లటి వైపు వచ్చేలా సర్దాడు. చక్రం తిప్పాడు. పలక దిగుతుంటే కోసిన నోటిలోంచి ఒక ఊపిరి బయటకు వచ్చింది. రాము ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కట్టిన తాడు శుభ్రంగా ఉంది. ఏ ఊళ్ళో, ఏ గోదాములో కట్టినదైనా కావచ్చు. లారీ కదిలి మలుపు తిరిగేదాకా అర్జునరావు సందులో నిలబడ్డాడు. తర్వాత చెయ్యి లుంగీకి తుడుచుకుని వాసన చూసుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన చెంబు లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి గదిలో తల్లీ కూతురూ కొత్త పరుపును ఓడ మంచంలోకి దించుతూ, ఆ మూల లాగు, ఈ మూల నొక్కు అని మాట్లాడుకుంటున్నారు. కొబ్బరిపీచు వాసన గుమ్మందాకా వస్తోంది. నీళ్ళు తెమ్మని ఆయన రెండుసార్లు పిలిచాడు. లోపల మాటలు ఆగాయి. ఎవరూ రాలేదు.